దుర్గాబాయి నిలబడ్డ గేటు

నరసరావుపేట,
డిసెంబరు 3.

ప్రియమైన కుమార్తె దయామణికి,

మీ అమ్మ ప్రభువు నామంలో దీవించి రాయునది. దేవుని కృపవల్ల ఇక్కడ నేను, నిరోష, నడికుడిలో అల్లుడు బాబీ అందరం కుశలం. ఆ కొండల్లో, ఆ చలిలో నువ్వూ, నీ వార్డులో పడుకున్న జవాన్లూ క్షేమంగా ఉండాలని పూటపూటా ప్రార్థనలో తలుచుకుంటున్నాం.

నీ ఉత్తరం అందింది. పోయిన బుధవారం నువ్వు ఫోను చేసి, "బడిలో ఫంక్షన్ ఎట్లా జరిగిందమ్మా?" అని అడిగావు. "బాగా జరిగింది" అన్నాను. అంతలో లైను తెగిపోయింది. మామూలుగా అయితే మీ సైన్యం వాళ్ళ సిగ్నలును నాలుగు తిట్టేదాన్ని. ఆ రోజు మాత్రం తెగిపోవడమే మేలనిపించింది. జరిగింది ఫోనులో చెప్పేది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నా మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, ఎక్కువా లేదు, తక్కువా లేదు. బీపీ మాత్ర మానలేదు. నీకంటే గట్టి నర్సు ఇంట్లో ఉంది, నీ కూతురు, నేను మాత్ర మింగి నోరు తెరిచి చూపిస్తే గాని బడికి కదలదు. బాబీ రెస్టు దొరికినప్పుడల్లా రైలెక్కి వస్తున్నాడు. రైల్వే స్టేషనులో రాత్రి డ్యూటీలు ఎక్కువయ్యాయట, పోయినసారి వచ్చీ రాగానే కుర్చీలోనే నిద్రపోయాడు. నిరోష నీ కోసం ఏడుస్తున్నదా అని అడిగావు. ఏడవడం లేదు. చలి అంతగా లేకపోయినా నీ పాత స్వెట్టరు వేసుకుని చదువుకుంటున్నది. నేను చూడనట్టు ఊరుకుంటున్నాను.

ఇక చివరి ప్రశ్న. "దాని స్పీచి నువ్వు రాసిపెట్టలేదు కదా" అని కింద గీత గీసి మరీ అడిగావు. రాయలేదు. చేయి దురద పెట్టిన మాట నిజమే. ఇన్నేళ్ళు సోషల్ చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయిన దానిని, ఇంట్లో పిల్ల తప్పు వాక్యం రాస్తుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో నీకు తెలుసు. అయినా కలం ముట్టుకోలేదు. రెండే మాటలు చెప్పాను. "చదివింది ఎక్కడ చదివావో కింద రాయి. చూడనిది చూసినట్టు రాయకు." అంతే.

అసలు సంగతి మొదటి నుంచీ చెబుతాను. రాజ్యాంగ దినోత్సవానికి వీళ్ళ బడిలో రెండు రోజుల ప్రదర్శన పెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలు దేశ చరిత్రలోంచి ఒక్కొక్కరిని ఎంచుకోవాలి. వాళ్ళ గురించి వెతికి చదివి, వాళ్ళలాగే వేషం కట్టి నిలబడాలి. చూడడానికి వచ్చినవాళ్ళు ఏమడిగినా ఆ మనిషిగానే జవాబు చెప్పాలి. రెండో రోజు ఆ పిల్లలే రాజ్యాంగ సభ జరపాలి. ఈ ఆలోచనంతా వాళ్ళ సోషల్ టీచరు మహమూదాది. నెమ్మదిగా మాట్లాడుతుంది గాని పని దగ్గర గట్టి పిల్ల.

మొదటి వారం ఆమె ప్రాజెక్టులు తెమ్మంటే ముగ్గురు పిల్లలు ఒకే రంగు అట్ట వేసిన ఒకే ప్రాజెక్టు తెచ్చారట. మూడింటి చివరా ఖమ్మంలో చదివే ఎవరో పిల్లవాడి పేరు ఉంది. నెట్ సెంటరు అతను పేరు మార్చడం మరిచాడు, వీళ్ళు చదవడం మరిచారు. మహమూదా ఆ మూడూ వెనక్కిచ్చి, అందరినీ లైబ్రరీకి నడిపించింది.

గాంధీ గారికీ, నెహ్రూ గారికీ, అంబేద్కర్ గారికీ పోటీ పడ్డారు. ఝాన్సీ లక్ష్మీబాయి కోసం ఇద్దరు ఆడపిల్లలు మాటలు మానేసుకున్నారు. మన పిల్ల మాత్రం దుర్గాబాయి దేశ్‌ముఖ్ కావాలన్నది. లైబ్రరీలో ఆమె గురించి ఒక సంగతి చదివిందట. కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దుర్గాబాయి పద్నాలుగేళ్ళ పిల్ల. పక్కనే ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వలంటీరుగా నిలబడింది. టికెట్ లేకుండా నెహ్రూ గారు వస్తే ఆపేసింది. ఎవరో టికెట్ కొని తెచ్చాకే లోపలికి పంపింది. నిరోషకూ ఇప్పుడు పద్నాలుగే. ఆ పూట అన్నం తింటూ ఆ కథ నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"అచ్చం నీలాంటిదే అమ్మమ్మా. నీ ముందుకు ఎవరొచ్చినా అంతే గదా" అన్నది.

"ముందు పెరుగు కలుపుకో" అన్నాను. లోపల మాత్రం ఆ మాట నాకు చాలా నచ్చింది.

దుర్గాబాయి గారి గేటు కథ విన్నాక పిల్లలే ఒక నియమం పెట్టుకున్నారు. తమ ప్రదర్శనకు కూడా పాస్ ఉండాలి. డబ్బులేమీ లేవు. పిల్లలు చేత్తో రాసి, క్లాస్ టీచరు సంతకం చేయించి తల్లిదండ్రులకు ముందే పంపిన చిన్న అట్టముక్క. అది లేనివాళ్ళు ఎవరైనా సరే, ఆఫీసు గదికి వెళ్ళి రాయించుకుని రావాలి. గేటు దగ్గర నిరోష. మధ్యమధ్య మంచినీళ్ళకు వెళితే దాని స్నేహితురాలు బిందు. కార్తీక్ అని ఒక పిల్లవాడు నెహ్రూ గారు. గంటకొకసారి వాడు జేబులో కాగితం గులాబీ పెట్టుకుని పాస్ లేకుండా గేటు దగ్గరికి రావడం, మన పిల్ల ఆపడం, వాడు నవ్వి వెనక్కి తిరగడం, అందరూ చప్పట్లు కొట్టడం. అదొక ఆట.

నా తెల్ల నూలు చీర కట్టి, సన్నగా జడ వేసి పంపాను. చీర కుచ్చిళ్ళకు పిన్నీసులు పెడుతుంటే, "నవ్వొస్తే ఏం చెయ్యాలి?" అని అడిగింది. "దుర్గాబాయి గారికి నవ్వొచ్చి ఉంటే ఆపగలిగేదా?" అన్నాను. ఇక నవ్వలేదు.

మొదటి రోజు నేను వెళ్ళేసరికి జనం బాగానే ఉన్నారు. లోపల ఒక్కో మూల ఒక్కో మనిషి. దుర్గి ఊరి వైపు పిల్లవాడొకడు మన కన్నెగంటి హనుమంతు వేషంలో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "పుల్లరి అంటే ఏంది నాయనా?" అని అడిగాను.

"మన గొడ్లు మన అడివిలో గడ్డి మేసినందుకు దొరలకు కట్టే పన్నండి. నేను కట్టను."

అంటించుకున్న మీసం ఒకవైపు ఊడి వేలాడుతున్నది. వేలితో దాన్ని అదిమిపట్టుకునే దొరలను ధిక్కరించాడు. బాగా చెప్పాడు. తారీఖు కూడా తప్పు పోలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా స్కూలు కరస్పాండెంటు వెంకటప్పయ్య గారు వచ్చారు. ఒకప్పుడు మాచర్లలో పురుగుమందుల కొట్టు నడిపిన మనిషి. పెద్దగా చదువుకోలేదు, అందుకే బడి పెట్టానని ఆయనే చెప్పుకుంటారు. వెంట ఊళ్ళో పెద్దలు నలుగురైదుగురు. నిరోష చెయ్యి అడ్డం పెట్టింది.

"పాస్ చూపించండి సార్."

ఆయన పకపకా నవ్వి వెనకవాళ్ళతో, "చూశారా, మా పిల్లలు ఎట్టా చేస్తారో. చానా బాగా చేస్తున్నావమ్మా" అని ముందుకు అడుగు వేశారు. ఇదీ కార్తీక్ ఆటలో భాగమే అనుకున్నారు.

ఆ చెయ్యి దిగలేదు. "ఇది నాటకం కాదు సార్. నిజంగానే పాస్ కావాలి. ఆఫీసు గదిలో రాసిస్తారు, అయిదు నిమిషాల పని."

వెనకనున్న పెద్దమనిషి ఒకడు, "ఏమే, బడి ఎవరిదో తెలుసా నీకు?" అన్నాడు.

"తెలుసండి. ఆఫీసు గది కూడా సార్‌దే" అన్నది.

వరసలో నిలబడ్డవాళ్ళు గట్టిగా నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. వెంకటప్పయ్య గారి ముఖం ఎర్రబడింది. మహమూదా పరుగెత్తుకొచ్చేసరికి ఆయన వెనక్కి తిరిగి కారెక్కారు.

సాయంత్రం నన్నూ నిరోషనూ ఆఫీసు గదికి పిలిపించారు. ఆయన కోపంగా లేరు. కోపంగా ఉన్నా బాగుండేది.

"మేడంగారూ, మీరు పెద్దవారు, మీకు తెలియంది కాదు. నన్ను ఆపినందుకు కాదు నా బాధ. నలుగురూ నవ్వారు. నలుగుర్లో నవ్వులపాలైతే ఆ మాట ఊరంతా తిరిగొస్తది. అమ్మాయి ఒక్క సారీ చెప్పమనండి. రేపు సభలో స్పీచి చెప్పుకోనీండి. లేదంటే ఆ స్పీచి బిందు చెప్తది."

నిరోష తల వంచలేదు. "నేను తప్పు చెయ్యలేదు సార్. అందరినీ అడిగినట్టే మిమ్మల్నీ అడిగా."

"అందర్నీ అడిగావా? మా డ్రైవరు చూశాడు. పొద్దున వంటశాల పక్కన చిన్న గేటులోంచి ఎవరో ఆడమనిషి లోపలికి పోయిందంట. ఆమెకేది పాసు? ఊరందరికీ లేని రూలు నాకేనా?"

వాచ్‌మన్ ఆరోగ్యస్వామిని పిలిపించారు. నీకు గుర్తుండే ఉంటాడు, నా బడిలోనే చాలా ఏళ్ళు అటెండరు. చేతులు కట్టుకుని, నేల చూస్తూ, "కూరగాయల బండి కోసం తీశానండి. మనుషులెవరూ రాలేదు" అన్నాడు.

అప్పుడు మన పిల్ల అన్నది. "మా రూలు అందరికీ ఒకటే సార్. మా అమ్మమ్మ కూడా పాస్ చూపించే వచ్చింది. నేను మంచినీళ్ళకు పోయినప్పుడు బిందు ఉన్నది గేటులో. కావాలంటే అమ్మమ్మనే అడగండి. ఆమె అబద్ధం చెప్పదు."

అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను.

దయా, ఇంత దాకా రాసి కలం పక్కన పెట్టాను. లేచి కాసిని టీ పెట్టుకుని తాగి, మళ్ళీ కూర్చున్నాను.

ఆ చిన్న గేటులోంచి వెళ్ళిన ఆడమనిషిని నేనే.

పాస్ నాకు ముందే ఇచ్చింది నిరోష. ఎక్కడా పోకూడదని పెద్ద బైబిల్లో, కీర్తనల మధ్య పెట్టాను. కరెంటు బిల్లు నుంచి నీ ఉత్తరాల దాకా మన ఇంట్లో ముఖ్యమైనవన్నీ అందులోనే గదా. తీరా బడి దగ్గర ఆటో దిగాక గుర్తొచ్చింది, బైబిలు ఇంట్లోనే ఉంది. అదే ఆటోలో వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటే సరిపోయేది. కాని గేటు ముందు వరస ఉంది. వరసలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే, ఇప్పుడు వాళ్ళ పిల్లలతో వచ్చారు. నా కళ్ళ ముందే నిరోష ఒక పెద్దాయనను మర్యాదగా వెనక్కి పంపింది. నన్నూ పంపుతుందని నాకు తెలుసు. పంపకపోతే దాని గేటు చెడుతుంది, పంపితే నా పరువు పోతుంది అనుకున్నాను. సందు తిరిగి వంటశాల వైపు వెళ్ళాను. ఆరోగ్యస్వామి నన్ను చూసి ఏమీ అడగకుండానే గడియ తీశాడు. నేను వెళ్ళగానే మళ్ళీ వేశాడు.

ఆ ఆఫీసు గదిలో నిజం చెబితే వెంకటప్పయ్య గారి మాటే నెగ్గుతుంది, పిల్లకు రేపటి సభ దక్కదు అనుకున్నాను. అప్పటికి అదే కారణం అని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, "ఆమె అబద్ధం చెప్పదు" అని అది అన్న ముఖం ముందు, దొడ్డిదారిన వచ్చానని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. అంతే.

మర్నాడు పొద్దున జడ వేస్తున్నప్పుడు చెప్పాను. దాని ముఖం అటు ఉంది, నా చేతుల్లో దాని జుట్టు ఉంది. లేకపోతే అప్పుడూ చెప్పేదాన్ని కాదేమో.

చేతిలోని రిబ్బను చుట్టింది, విప్పింది. తర్వాత, "ఏ గేటు?" అన్నది.

"వంటశాల గేటు."

"ఆరోగ్యస్వామి తాత నీ కోసం అబద్ధం చెప్పాడా?"

"చెప్పాడు. నేను చెప్పమనలేదు. చెబుతుంటే ఊరుకున్నాను."

"మరి నా మాట?"

జడ చివర రిబ్బను ముడి వేశాను. అది లేచి నీ స్వెట్టరు తీసి మడత పెట్టి మంచం మీద పెట్టింది. ఆ మడత చూస్తే నాకు భయం వేసింది. నాతో ఉండనంటుందేమో, వాళ్ళ నాన్న దగ్గరికి నడికుడి పోతానంటుందేమో అనుకున్నాను. ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని వచ్చి అన్నది.

"నేను సారీ చెప్తాను."

"ఆయన్ని ఆపినందుకా?"

"కాదు. నువ్వు పాస్ చూపించడం నేను చూడలేదు. చూసినట్టు చెప్పాను. అది నా తప్పే. నీ తప్పు నువ్వు చెప్పుకో."

నేను నేర్పిన మాటే అది. నాకే తిరిగొచ్చింది.

బడి గంట కొట్టకముందే ఇద్దరం వెళ్ళాం. దారిలో అది నాకు రెండడుగులు ముందే నడిచింది. ఆఫీసు గదిలో మహమూదా కూడా ఉంది. నేను కూర్చోలేదు. చిన్న గేటులోంచి వచ్చింది నేనేనని, ఆరోగ్యస్వామి నా ముఖం చూసి అలా చెప్పాడని, నిన్న తల ఊపడం అబద్ధమని చెప్పాను. నిరోష తన మాట చెప్పింది. "చూడకుండా చెప్పినందుకు సారీ సార్. ఆపినందుకు కాదు."

వెంకటప్పయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా వైపు చూసి, "నేనేమో పెద్దగేటు దగ్గరికే వచ్చానండి మేడంగారూ" అన్నారు.

నాకు తగిలిన దెబ్బల్లో అంత మెత్తగా తగిలింది ఇంకొకటి లేదు.

తర్వాత ఆయన మహమూదా వైపు తిరిగి, "ఆ పాసులు ఎవరి దగ్గరుంటాయమ్మా?" అని అడిగారు. స్పీచి మాట ఆయన ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. మహమూదా మాత్రం, "నిరోషా, గేటుకు ఆలస్యమవుతున్నది" అన్నది. ఆయన కాదనలేదు. ఆరోగ్యస్వామిని పిలిచి, "ఇంక కూరగాయల బండికి తప్ప తియ్యమాక" అని మాత్రం అన్నారు. నేను బయటికొచ్చి వాడి చేతులు పట్టుకున్నాను. "ఊరుకోండమ్మా, మీరు నాకెన్నిసార్లు గడియ తీశారో" అన్నాడు. అదేమిటో నాకు గుర్తు లేదు. అడగలేదు.

ఇంటికి వెళ్ళి పాస్ తెచ్చుకున్నాను. ఈసారి బైబిలుతో సహా తెచ్చాను. వరసలో నా ముందు వెంకటప్పయ్య గారే ఉన్నారు, చేతిలో అట్టముక్కతో. వెనక నిన్నటి పెద్దమనుషులెవరూ లేరు. నిరోష ఆయన పాస్ ముందూ వెనకా చూసి, చివర చింపి, "లోపలికి వెళ్ళండి సార్" అన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత నేను.

"పేరు?"

"ఎలిజబెత్."

"ఎవరి తాలూకు?"

"నిరోష అమ్మమ్మని."

నా పాస్ కూడా ముందూ వెనకా చూసింది. సంతకం చూసింది. చివర చింపి, "మీరు లోపలికి వెళ్ళండి" అన్నది. పుట్టి బుద్ధెరిగాక అది నన్ను మీరు అనడం అదే మొదలు. దుర్గాబాయి గారిగా అన్నదో, నిరోషగా అన్నదో తెలియక లోపలికి వెళ్ళాను.

సభ బాగా జరిగింది, ఫోనులో చెప్పిన ఆ సగం నిజమే. పెద్దల సభలో కూర్చోవడానికి ముప్పై అయిదేళ్ళు అక్కర్లేదు, ముప్పై చాలునని దుర్గాబాయి గారు రాజ్యాంగ సభలో వాదించారట. నిరోష ఆ సంగతే తీసుకుని మాట్లాడింది. ఎక్కడ చదివిందో కూడా చెప్పింది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. అలవాటు కొద్దీ నా వైపు చూసింది. ఆ వాక్యం నాకు వచ్చు. పెదాలు కదపలేదు, చూపు దించుకున్నాను. అదే వెతుక్కుని అందుకుంది. బాబీ డ్యూటీ దిగి నేరుగా రైలెక్కి, ఆ చివరి ముక్క వేళకు చేరుకున్నాడు. వెనక నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. నిద్రలేమి అన్నాడు.

ఇంటికొచ్చాక మాట్లాడుతున్నది గాని, కావలసినంతే. అన్నం పెట్టమ్మమ్మా, పుస్తకం ఏది అమ్మమ్మా. తొందర పెట్టలేదు. నేను పిల్లలకు వేసిన శిక్షల్లో ఇంతకంటే పెద్దవే ఉన్నాయి.

మొన్న ఆదివారం గుడికి ఆలస్యమైంది. క్రిస్మస్ నెల మొదటి ఆదివారం గదా, మెట్ల దాకా జనం ఉన్నారు. పాట మొదలైపోయింది. పాటల బృందం పక్కనున్న చిన్న తలుపు తెరిచే ఉంది. పెద్దవాళ్ళం అటు నుంచే వెళుతుంటాం, ఎవరూ ఏమీ అనరు. అలవాటుగా అటు తిరిగాను. వెనక నుంచి నా పైట చెంగు ఎవరో పట్టుకున్నారు.

"అమ్మమ్మా, ముందు నుంచి పోదాం."

నా మోచేయి పట్టుకుని ఆ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించింది. అందరూ తిరిగి చూస్తుండగా, గుడి మధ్యలోంచి నడిచి వెళ్ళి ముందు బల్ల మీద కూర్చున్నాం. చెంగు మాత్రం పాట అయ్యేదాకా వదలలేదు.

నువ్వు ఫోను చేసినప్పుడు ఈ సంగతి దానితో ఎత్తకు. అదే చెబితే విను. స్వెట్టరు మళ్ళీ తొడుక్కుంటున్నది. నా పాస్ ముక్క ఇందులో పెట్టి పంపుతున్నాను, దాచు. ఒంటికి వేడినీళ్ళే వాడు, చన్నీళ్ళ జోలికి పోకు.

ఇట్లు,
పెద్దగేటులోంచి వచ్చిన
మీ అమ్మ,
ఎలిజబెత్.